మాతృమూర్తుల మేలుకోరిన డాక్టర్ లూసీ విల్స్

మన ప్రాంతంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లిన గర్భిణీ స్త్రీని తూకం వేసి, రక్తపోటు చూసి, వేలికొన నుండి రక్తపు బొట్టు తీసి పరీక్షించి, తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక మాత్రల అట్ట పెట్టి పంపుతారు. ఇళ్లలో వాటిని రక్తం మాత్రలంటారు. ఆ మాత్రలో ఉండేవి ప్రధానంగా రెండు పదార్థాలు. ఒకటి ఇనుము. అది రక్తానికి మేలుచేస్తుందని వైద్యులు శతాబ్దాల క్రితమే గ్రహించారు. రెండవది ఫోలిక్ ఆమ్లం. దాని ఉనికిని లోకం పసికట్టి ఇంకా నూరేళ్లు నిండలేదు. పసికట్టినది ఒక ఆంగ్ల వనిత. పసికట్టిన చోటు మన బొంబాయి నగరం. ఆమెకు ఆ జాడ చూపినవారు పరదా చాటున పాలిపోయిన ముఖాలతో నెలలు లెక్కించుకొంటూ ఉండిన బీద ముస్లిం గర్భిణులు. వైద్యగ్రంథాలలో సుప్రసిద్ధమైన ఆ నామధేయం మన విద్యార్థులలో పెక్కుమందికి అపరిచితంగా ఉండిపోవడం ఉచితం కాదన్న తలంపుతో డాక్టర్ లూసీ విల్స్ జీవితాన్ని ఈ సంచిక ద్వారా పరిచయం చేస్తున్నాను.

లూసీ విల్స్ 1888వ సంవత్సరం మే 10వ తేదీన ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరానికి చేరువలోని సటన్ కోల్డ్‌ఫీల్డ్ అనే పట్టణంలో జన్మించింది. ఆమె పూర్వులు కొడవళ్ల వంటి పదునైన పనిముట్లను తయారుచేసే కర్మాగారాన్ని నడిపినవారు. తండ్రి విలియం లెనార్డ్ విల్స్ విజ్ఞానశాస్త్ర పట్టభద్రుడు. తల్లి గెర్ట్రూడ్, బర్మింగ్‌హామ్‌లో పేరెన్నికగన్న వైద్యుడు డాక్టర్ జేమ్స్ జాన్‌స్టన్ కుమార్తె. సోదరులలో ఒకడు పిమ్మట భూగర్భ శాస్త్రంలో ఆచార్యుడైనాడు. రాయినీ చెట్టునూ కూడా ప్రశ్నించి చూసే కుటుంబంలో పెరిగిన బాలికకు విజ్ఞానశాస్త్రాభిరుచి కలగడంలో ఆశ్చర్యం లేదు.

ఆడపిల్లలకు గణితాన్నీ విజ్ఞానశాస్త్రాన్నీ శ్రద్ధగా బోధించిన కొలది పాఠశాలల్లో చెల్టెన్‌హామ్ బాలికల కళాశాల ఒకటి. లూసీ 1903లో అందులో చేరింది. 1907లో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కళాశాలకు వెళ్లి వృక్షశాస్త్రం, భూగర్భ శాస్త్రం అభ్యసించి 1911లో ఉత్తీర్ణురాలైంది. అయితే పరీక్ష నెగ్గినా పట్టా చేతికి రాలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం స్త్రీలకు తరగతిలో చోటిచ్చినా, పరీక్ష వ్రాయనిచ్చినా, పట్టం మాత్రం 1948 వరకు ఇవ్వలేదు. స్త్రీవిద్యకు అడ్డుపడినవారు తూర్పు దేశాలవారు మాత్రమేనని తలపోసేవారు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఆ తర్వాతి నాలుగు సంవత్సరాలలో ఆమె జీవనగమనం నిలకడగా లేదు. 1911లో తండ్రి గతించాడు. 1913లో అక్క ఎడిత్ ఇరవై ఆరేళ్ల ప్రాయంలో కన్నుమూసింది. తల్లిని వెంటబెట్టుకొని లూసీ సింహళద్వీపం చూసి వచ్చింది. 1914లో తమ్మునితోనూ ఒక స్నేహితురాలితోనూ దక్షిణాఫ్రికా వెళ్లింది. అక్కడ ఉండగానే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. కేప్‌టౌన్‌లో కొన్ని వారాలపాటు స్వచ్ఛందంగా నర్సు పని చేసింది. స్వదేశానికి తిరిగి వచ్చిన వెంటనే, 1915 జనవరిలో, లండన్‌లోని స్త్రీల వైద్య కళాశాలలో చేరింది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఆరు. వైద్యపట్టా పుచ్చుకొనేసరికి 1920వ సంవత్సరం, వయస్సు ముప్పది రెండు. ఇంటర్మీడియట్ పరీక్షలో ఒక సంవత్సరం వెనుకబడితే బ్రతుకే చేజారినట్లు కుమిలిపోయే మన పిల్లలకు ఈ లెక్క కాస్త ఊరట కలిగించగలదు.

ఆ కళాశాలకు మన దేశంతో గల సంబంధం చెప్పుకోదగినది. 1874లో స్థాపితమైన ఆ సంస్థ బ్రిటన్‌లో స్త్రీలను వైద్యులుగా తీర్చిదిద్దిన మొదటి విద్యాలయం. పురుష వైద్యునికి నాడి చూపడానికి కూడ వెనుదీసే హిందూ, ముస్లిం కుటుంబాల స్త్రీలకు చికిత్స చేయడానికి అక్కడి పట్టభద్రులలో పలువురు భారతదేశానికి వచ్చారు. ఘోషా ఆసుపత్రి అనే మాట మద్రాసులోనూ విశాఖపట్టణంలోనూ నాటినుండి జనం నోట నిలిచిపోయింది. లూసీ మాత్రం మొదట ఆ బాట పట్టలేదు. రోగిని పరామర్శించడం కంటె రోగకారణాన్ని వెదకడమే తనకు తగిన పని అని ఆమెకు తోచింది. రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో రసాయనిక పరిశోధనశాలలో చేరి, గర్భధారణ సమయంలో దేహంలో కలిగే మార్పులను పరిశీలించసాగింది.

ఇప్పుడు కథ బొంబాయికి వస్తుంది. 1920ల చివరలో భారతీయ పరిశోధనా నిధి సంఘం తల్లుల మరణాలపై విచారణ జరిపిస్తూ ఉంది. ఇండియాలో చిరకాలం స్త్రీల వైద్యసేవలో గడిపిన డాక్టర్ మార్గరెట్ బాల్ఫోర్ ఆ పనిలో ముఖ్యపాత్ర వహించింది. గర్భిణులలో కనిపించే ఒక రకం భయంకరమైన రక్తహీనతకు కారణం తేల్చవలసిందిగా ఆమె లూసీ విల్స్‌ను ఆహ్వానించింది. 1928లో లూసీ బొంబాయి చేరి, పరేల్‌లోని హాఫ్‌కిన్ సంస్థలో పని ప్రారంభించింది. ప్లేగు టీకాకు పేరుగాంచిన సంస్థ అది.

ఆ వ్యాధి స్వరూపాన్ని కొంచెం వివరించాలి. నెలలు నిండుతున్న కొలదీ స్త్రీ పాలిపోతుంది. కాళ్లు నీరు పడతాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఊళ్లో పెద్దవాళ్లు దానిని చూలాలి నీరసమని సరిపెట్టుకొనేవారు. ప్రసవ వేళ కొద్దిపాటి రక్తం పోయినా ఆ తల్లి తట్టుకోలేదు. సూక్ష్మదర్శిని క్రింద చూస్తే ఎర్ర రక్తకణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో మాత్రం ఉండవలసిన దానికంటె పెద్దవిగా కనిపించేవి. పాశ్చాత్య దేశాలలో పెర్నీషియస్ అనీమియా అనే మరొక రక్తక్షయ వ్యాధిలో కూడ కణాలు అలాగే ఉంటాయి. అమెరికాలో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు 1926లో ఆ వ్యాధికి కాలేయాన్ని తినిపించి నయం చేయవచ్చునని నిరూపించారు. ఇక బొంబాయి తల్లులకు కూడ అదే మందు పని చేస్తుందని ఎవరైనా అనుకొంటారు. అలా అనుకొని ఊరుకోకపోవడమే లూసీ విల్స్ విశిష్టత.

మొదట ఇది అంటువ్యాధి వల్ల కలిగినదేమోనని పరీక్షించింది. ఆ ఆధారాలేవీ దొరకలేదు. పిమ్మట ఆమె అడిగిన ప్రశ్న బహు సామాన్యమైనది: ఈ స్త్రీలు ఏమి తింటున్నారు? డాక్టర్ మెహతా, డాక్టర్ తల్పాడే ఆమె పరిశోధనలలో పాలుపంచుకొన్నారు. బొంబాయిలో వివిధ వర్గాల స్త్రీల ఆహారాన్నీ, వారు నివసించే పరిస్థితులనూ విచారించి నమోదు చేశారు. ఫలితాలు 1930లో ప్రచురితమైనవి. ఏ వర్గం వారి తిండి అధ్వాన్నమో ఆ వర్గంలోనే రక్తహీనత అధికమని తేలింది. అందరికంటె అడుగున ఉన్నవారు బీద ముస్లిం స్త్రీలు. వారి భోజనంలో పాలు, పండ్లు, ఆకుకూరలు బహు స్వల్పం.

ఈ వాక్యం వ్రాస్తున్నప్పుడు నా వంటివానికి మనస్సు కలుక్కుమనడం సహజం. కాని ఇందులో మతాన్ని వెదకడం సరికాదు. నేతమిల్లులలో పనిచేసే పేద స్త్రీలను కూడ ఈ జబ్బు పీడించింది. పరదా ఆ గర్భిణులను వైద్యుని కంటికి దూరం చేసింది. వారి రక్తాన్ని హరించింది మాత్రం ఖాళీ వంటగది. ఇంటిల్లిపాదీ భుజించిన పిమ్మట దస్తర్‌ఖాన్ మీద మిగిలినదే తన భాగమని భావించే ఇల్లాలు హిందువుల ఇంటనూ ఉంది, మన ఇంటనూ ఉంది.

ఆహారమే కారణమైతే ఆహారంలోని ఏ లోపం? ఇది తేల్చడం సులభం కాలేదు. ఆ స్త్రీలు తినే ఆహారాన్నే ఎలుకలకు పెట్టి చూసింది. 1929లో ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ సంస్థలో ఈ ప్రయోగాలు సాగించింది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే పోషకాహార శాస్త్రజ్ఞుని పరిశోధనశాల అక్కడే ఉండేది. గర్భంతో ఉన్న ఎలుకలకు రక్తం తగ్గింది. ఆహారంలో ఈస్టు కలిపితే తగ్గలేదు. చిక్కు విడిపోయినట్లే కనిపించింది. కాని ఆ ఎలుకల రక్తహీనతకు పేల ద్వారా వ్యాపించే ఒక సూక్ష్మజీవి కారణమని తరువాత బయటపడింది. ఎన్నో నెలల శ్రమకు ఒక పేను పెట్టిన పరీక్ష అది.

ఆమె నిరాశ చెందక కోతులపై ప్రయోగం మొదలుపెట్టింది. అవే తిండి గింజలు తిన్న కోతులకు కూడ అదే రకమైన రక్తహీనత కలిగింది. వాటిలో మిక్కిలి నీరసించిన ఒక కోతికి మార్మైట్ అనే పదార్థం తినిపించింది. మార్మైట్ అంటే బీరు కాచిన తరువాత మిగిలిపోయే ఈస్టు నుండి తీసిన, ఉప్పగా ఉండే చిక్కని నల్లని లేహ్యం వంటిది. ఇంగ్లండులో రొట్టెకు రాసుకొని తింటారు. దానిని ఎంచుకోవడానికి కారణం మరేమీ కాదు, అది చౌక. కాలేయ సారం ఖరీదైనది. బొంబాయి చాల్‌లో నివసించే కూలివాని భార్యకు అది అందని మ్రానిపండు. మార్మైట్ తిన్న కోతి కోలుకొంది. ఆ వెనుక అదే పదార్థాన్ని ఆసుపత్రిలో గర్భిణులకు ఇచ్చారు. కొద్ది దినాలలోనే వారి రక్తంలో కొత్త కణాలు పుట్టసాగాయి, ఆకలి మేల్కొంది, ముఖంలో రంగు వచ్చింది. సారాయి కార్ఖానాలో వ్యర్థంగా పోయే పదార్థం పరదాలోని తల్లికి ఔషధం కావడం విచిత్రమే. ధర్మశాస్త్రజ్ఞుల చర్చ ఇక్కడ ఎత్తను. ప్రాణాపాయ సమయంలో మందు విషయమై వారికి విశాలమైన అవగాహనే ఉన్నదని మాత్రం మనవి చేస్తాను.

1931 ఆరంభంలో ఆమె మద్రాసు వచ్చి, తిరువల్లిక్కేణిలోని కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసింది. తరువాతి కాలంలో కస్తూర్బా గాంధీ ఆసుపత్రిగా పేరు మారిన సంస్థ అదే. తెలుగు జిల్లాలకు కూడ అప్పుడు రాజధాని మద్రాసే. అదే సంవత్సరం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తన నిర్ణయాలను ప్రకటించింది. ఈస్టులోనూ కాలేయంలోనూ రక్తాన్ని పునరుద్ధరించే పదార్థం ఒకటి ఉన్నదని ఆ వ్యాసం వలన స్పష్టమైంది. మరికొన్నాళ్లకు ఆమె ఇంకొక సూక్ష్మమైన విషయం గమనించింది. ముడి కాలేయ సారంతో బొంబాయి తల్లులు కోలుకొంటున్నారు. మిక్కిలి శుద్ధిచేసిన కాలేయ సారంతో కోలుకోవడం లేదు. పాశ్చాత్య రోగులను బ్రతికించిన శుద్ధమైన మందు వీరిని బ్రతికించలేదు. కావున రెండు వ్యాధులకూ రెండు వేరువేరు పదార్థాలు అవసరమన్నమాట. అందులో మొదటిది విటమిన్ బి-12 అని 1948లో గాని తెలియలేదు. రెండవదానికి పేరు లేక చాలాకాలం విల్స్ కారకమనే వాడారు.

తాను కనుగొన్నది ఏమిటో తనకు తెలియదని ఆమెకు తెలుసు. తెలియని దానికి తొందరపడి పేరు పెట్టలేదు, లేని గొప్ప చెప్పుకోలేదు. పేరు తెలియక పూర్వమే దానితో రోగులకు చికిత్స చేయవచ్చునని మాత్రం చూపించింది. నా దృష్టిలో ఆమె ఘనత ఇదే.

1933లో ఆమె లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రికి తిరిగి వెళ్లింది. 1937 నవంబరులో మరల ఒకసారి బొంబాయి వచ్చి పది వారాలు పనిచేసింది. ఆ రాక అంతా ఓడలో కాదు. నీటిమీద వాలే కాలిప్సో అనే విమానంలో, ఊరూరా దిగుతూ అయిదు రోజుల ప్రయాణం. వయస్సు నలుబది తొమ్మిది. కొండలెక్కడం, మంచుపై జారుతూ సాగడం, ఆసుపత్రికి సైకిలు మీద వెళ్లడం ఆమెకు ఇష్టమైన వ్యాపకాలు. వివాహం చేసుకోలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌పై బాంబులు పడుతున్నా ఆమె ప్రయోగశాలను వీడలేదు. 1944లో రాయల్ ఫ్రీ ఆసుపత్రి మీదనే బాంబు పడింది. ఆహారానికి కరవు ఏర్పడిన ఆ రోజులలో బ్రిటిషు ప్రభుత్వం చేసిన ఒక పని మన అంశానికి సంబంధించినది. 1940లో గర్భిణులకూ పసిపిల్లలకూ రోజుకొక పైంటు పాలు, అంటే అర లీటరుకు పైగా, చౌకగానూ, లేనివారికి ఉచితంగానూ ఇచ్చే పథకం మొదలైంది. 1942లో గర్భిణులకు కాడ్ చేపనూనె, నారింజరసం కూడ చేర్చారు. దేశమంతటా ఆహారం కొలిచి పంచుతున్న సమయంలో గర్భిణికి మాత్రం కొలత పెంచారు. తల్లి పోషణ ఇంటివారి దయాధర్మం కాదు, ప్రభుత్వపు బాధ్యత అనే సూత్రం ఆ విధంగా ఆచరణలోకి వచ్చింది. లూసీ విల్స్ ఆ కాలంలోనే గర్భిణులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఇనుము మాత్రలు, రెండవ జట్టుకు మందులేని మాత్రలు ఇచ్చి ఫలితాన్ని పోల్చే పరీక్షలో పాల్గొన్నది. మంచిదని అందరూ నమ్మే దానిని సైతం కొలిచి చూడనిదే ఆమె ఒప్పుకొనేది కాదు.

ఈలోగా పేరులేని పదార్థానికి పేరు దొరికింది. 1941లో అమెరికాలోని టెక్సాస్‌లో శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుండి దానిని వేరుచేసి, లాటిను భాషలో ఆకుకు గల పేరును బట్టి ఫోలిక్ ఆమ్లమన్నారు. ఇక దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయవలసిన ఘట్టం మిగిలింది. ఇక్కడ మన తెలుగువాడు రంగప్రవేశం చేస్తాడు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో హార్వర్డులో పరిశోధనలు చేసిన యల్లాప్రగడ సుబ్బారావు 1940 నుండి లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి లోకానికి అందించింది. ఆయన యౌవనంలో ఇద్దరు సోదరులు కొద్ది దినాల వ్యవధిలో స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధికి బలియైనారు. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక రక్తం క్షీణించే ఆ వ్యాధికి ఇచ్చే మందులలో ఫోలిక్ ఆమ్లం ముఖ్యమైనది. తనవారిని కాపాడుకోలేకపోయిన మందును ఆయన లోకానికి ఇచ్చి 1948లో న్యూయార్కులో మరణించాడు. బొంబాయి ఆసుపత్రిలో చెంచాతో తినిపించిన నల్లని లేహ్యం ఆ విధంగా చౌకగా దొరికే పసుపుపచ్చని పొడిగా మారింది.

లూసీ విల్స్ 1947లో ఉద్యోగ విరమణ చేసింది. అంతటితో విశ్రాంతి తీసుకోక జమైకా, ఫిజీ, దక్షిణాఫ్రికా దేశాలకు వెళ్లి అక్కడి పేదల ఆహారాన్నీ రక్తహీనతనూ పరిశీలించింది. చివరి పదేళ్లు లండన్‌లోని చెల్సీ పురపాలక సభలో లేబర్ పార్టీ సభ్యురాలుగా పనిచేసింది. 1964 ఏప్రిల్ 16వ తేదీన మరణించింది.

ఆమె మరణించిన ఆరు సంవత్సరాలకు, 1970లో, భారత ప్రభుత్వం పోషకాహార సంబంధమైన రక్తహీనతను నివారించే జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్రలు గర్భిణులకు ఉచితంగా పంచసాగారు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం వచ్చి, అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు అదనపు పోషకాహారం ఇచ్చే ఏర్పాటు జరిగింది. కూనూరులో మెక్‌కారిసన్ నాటిన పరిశోధనా సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. తార్నాకలో బస్సు దిగే విద్యార్థులు నిత్యమూ చూసే ఆ భవనాల పూర్వచరిత్ర ఇది. ఫోలిక్ ఆమ్లానికి మరొక సుగుణం 1991లో రుజువైంది. వెన్నుపాము సరిగా మూసుకోని బిడ్డను ఒకమారు కన్న తల్లి, తిరిగి గర్భం దాల్చక పూర్వం నుండే దీనిని తీసుకొంటే ఆ లోపం పునరావృతమయ్యే అవకాశం బాగా తగ్గుతుందని బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి నిరూపించింది.

ఇన్ని సాధించిన పిమ్మట మన స్థితి ఏమిటి? 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనులు. గర్భకాలంలో 180 రోజులు పూర్తిగా ఈ మాత్రలు వాడామని చెప్పిన తల్లులు నూటికి 26 మంది మాత్రమే. మాత్ర కరవై కాదు. తయారీ సులభం, వెల స్వల్పం, పంపిణీ ఉచితం.

మింగకపోవడానికి కారణాలు విచారిస్తే చిన్నవిగానే ఉంటాయి. మాత్ర వేసుకొంటే కడుపులో తిప్పుతుందంటారు. విరేచనం నల్లగా అవుతుంది గనుక ఏదో కీడు జరుగుతున్నదని భయపడతారు. అది ఇనుము వలన కలిగే మార్పే; హాని లేదు. బిడ్డ నల్లగా పుడుతుందని కొందరు, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు అత్తలు నిషేధిస్తారు. ఈ రెండింటికీ ఆధారం లేదు. మాత్ర వేసుకొన్న వెంటనే చాయ్ త్రాగితే ఇనుము ఒంటికి పట్టదన్న సంగతి అట్ట చేతిలో పెట్టిన వారు చెప్పరు. మన ఇళ్లలో చాయ్ ఏ గంటకు లేదు? నిమ్మరసంతో తీసుకొంటే ఎక్కువగా పడుతుంది. ఆకుకూరను గంటసేపు ఉడికించి ఆ నీటిని పారబోసినచో ఫోలిక్ ఆమ్లం చాలావరకు ఆ నీటితోనే పోతుంది. ఇవన్నీ ఆ ఇల్లాలి భాషలో, అది తెలుగు గానీ ఉర్దూ గానీ, ఓపికగా చెప్పవలసిన మాటలు. సగటు ఆరోగ్య కార్యకర్తకు ఉన్న పని ఒత్తిడిలో అట్టలు లెక్కపెట్టి పుస్తకంలో వ్రాయడానికే సమయం చాలదు.

ఇక్కడే లూసీ విల్స్ పద్ధతికీ మన పద్ధతికీ తేడా కనిపిస్తుంది. ఆమె ముందుగా ఆ స్త్రీల పళ్లెంలోకి చూసి, ఆ తర్వాత మందు వెదికింది. మనం ముందుగా మందు చేతికిచ్చి, పళ్లెం సంగతి మరచిపోయాము. రక్తకణం తయారుకావడానికి ఇనుము, ఫోలిక్ ఆమ్లంతోపాటు మాంసకృత్తులు కూడ కావాలి. ఒట్టి అన్నం, పచ్చిమిరప కారంతో పూట గడుపుకొనే తల్లికి మాత్ర ఒక్కటే ఎంత ఉపకారం చేయగలదు?

ఇది గ్రహించే కాబోలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో అమృతహస్తం పేర గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒక పూట పూర్తి భోజనం పెట్టే పథకం మొదలైంది. తెలంగాణ రాష్ట్రం 2015 జనవరి నుండి ఆరోగ్యలక్ష్మి పేర దానిని కొనసాగించింది. అన్నం, పప్పు, కూర, ఉడికించిన గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇంటికి పంపితే పదిమందికీ పంచి తాను పస్తుండే ఇల్లాలిని అక్కడే కూర్చోబెట్టి వడ్డిస్తారు. భోజనం ముగిసిన పిమ్మట టీచరమ్మ ఎదుటనే రక్తం మాత్ర వేసుకోవాలన్నది ఆ పథకంలోని నిబంధన.